అరగంట నీళ్ళు

"పది రోజులకే గదా అత్తా, చిన్న బ్యాగు చాలు," అంటూ తహ్సీన్ మంచం కిందినుంచి నీలం బ్యాగు బయటికి లాగింది. అది నా మనవరాలు నాదియా ఈతకు తీసుకుపోయే బ్యాగు. దులిపితే అడుగున ఇంకా కొంచెం ఇసుక రాలింది. తహ్సీన్ నా కోడలు. మస్కట్‌లో, బౌషర్ అనే పేటలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. ఆ గురువారం డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫారం కూడా మార్చుకోకుండా నా బట్టలు సర్దడానికి కూర్చుంది. మూడు చీరలు, బీపీ మాత్రలు, కళ్ళజోడు, తెలుగు ఖురాను. నా సామాను అంతే. సగం బ్యాగు ఖాళీగా మిగిలింది. ఆ సగంలోకి మా తమ్ముడు యాకూబ్ ఇంటికి బాదంపప్పు, ఖర్జూరాలు, తలనొప్పి మందు సీసాలు, వాళ్ళావిడకు ఒక సెంటు ఎక్కాయి. నేను పక్కన కూర్చుని పాస్‌పోర్టు ఉందో లేదో మూడోసారి చూసుకున్నాను.

బ్యాగులు సర్దడం ఎప్పుడూ నా పనే. నా భర్త ఇనాయత్ మొదటిసారి ఒమన్‌కు బయల్దేరినప్పుడు ఆయన పెట్టె నేనే సర్దాను. అక్కడ ఖురియాత్ అనే ఊళ్ళో చేపల లారీ నడిపేవాడు. రెండేళ్ళకు ఒకసారి వచ్చి నలభై రోజులుండి పోయేవాడు. నాలుగోసారి పోయినవాడు పెట్టెలో వచ్చాడు. మా అక్క ఇక్బాలున్నీసా కువైట్‌కు ఇంటిపనికి పోయినప్పుడు ఆమె సంచి కూడా నేనే సర్దాను. ఆమె పెట్టెలో కూడా రాలేదు, అక్కడి మట్టిలోనే కలిసింది. తర్వాత నా కొడుకు ఇస్రార్ మస్కట్‌కు పోయినప్పుడూ అంతే. ఎవరికి సర్దినా నేను చాలా నెమ్మదిగా సర్దేదాన్ని. మడత పెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడత పెట్టేదాన్ని. ఆలస్యమైతే బస్సు తప్పిపోతుందేమోనని లోపల ఒక పిచ్చి ఆశ. ఒక్క బస్సూ తప్పిపోలేదు. వాళ్ళు పోయాక గుమ్మంలో నిలబడి, అది మర్చిపోయానేమో, ఇది పెట్టానో లేదో అని రోజంతా దిగులు పడేదాన్ని. ఇప్పుడు నాకోసం ఇంకొకరు సర్దుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పది రోజులు దాటితే నాకు లీవు ఉండదత్తా," అంది తహ్సీన్ జిప్పు లాగుతూ. "సూపర్‌వైజరు ఇప్పటికే మొహం మాడ్చుకున్నాడు. నీ పిల్లల్ని చూసుకోవడానికి కంపెనీ లీవు ఇయ్యాలా అన్నాడు. ఇరవై మూడున మీరు దిగాల, ఇరవై నాలుగు పొద్దున నేను డ్యూటీలో ఉండాల." చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకుంది. ఆమెను చూస్తే నాకు కోపం రాదు. పొద్దున ఏడింటికి పోయి సాయంత్రం ఐదింటికి వచ్చి, ఎవరి రక్తంలో ఏముందో చూసిన కళ్ళతోనే పిల్లల హోంవర్కు చూస్తుంది.

తొమ్మిదేళ్ళ కిందట ఇస్రార్ నన్ను మస్కట్‌లో ఘుబ్రాలోని ఫ్లాటుకు తీసుకొచ్చాడు. "ఒక్కదానివే ఆడ ఏం జేచ్చావు, మా దగ్గర ఉండు," అన్నాడు. నిజంగా ప్రేమతోనే అన్నాడు. దిగిన మరుసటి రోజు పొద్దున రెండేళ్ళ నాదియాను నా ఒళ్ళో పెట్టి ఇద్దరూ డ్యూటీలకు పోయారు. ఆ రోజు మొదలు నేను నాలుగున్నరకు లేస్తాను. నమాజు, టిఫిను, నాలుగు డబ్బాలు, స్కూలు బస్సు, బట్టలు, వంట, బస్సు తిరిగొచ్చే వేళకు కింద గేటు దగ్గర కాపలా. నాదియాకు ఎనిమిదేళ్ళు వచ్చాక ఇక కొంచెం కూర్చోవచ్చు అనుకున్నాను. చిన్నది పుట్టింది. ఇస్రార్ స్నేహితులు ఇంటికొస్తే, "మా అమ్మకు ఖాళీగా కూచుంటే జబ్బు చేచ్చాది, పని చేచ్చాంటేనే ఆరోగ్యం," అని నవ్వుతూ చెప్తాడు. వాళ్ళూ నవ్వుతారు. నేను బిర్యానీ గిన్నె తెచ్చి మధ్యలో పెడతాను. ఒకసారి మోకాలు వాచి రెండు రోజులు పడుకుంటే, "నువ్వు ఇంట్లో ఉండేదానివే గదమ్మా, నిదానంగా చేసుకో," అన్నాడు. నిదానంగానైనా చేసుకోవాల్సింది నేనేనన్న సంగతి వాడికి తట్టలేదు. నాకూ ఆ రోజు తట్టలేదు. వాడి మీద దిగులే తప్ప వేరే ఏమీ అనిపించలేదు.

ఇప్పుడీ ప్రయాణం కూడా నాకోసం కాదు. మా ఊరు కడప జిల్లాలో, వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఒడ్డున. మేము దూదేకులవాళ్ళం. మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. మా నాన్నకు నాలుగెకరాలు ఉండేది. 1994లో ఆయన పోయాక నలభయ్యో రోజు ఫాతెహా అయ్యింది, అందరూ భోజనాలు చేశారు, యాకూబ్ మా అక్కకూ నాకూ చెరొక చీర పెట్టాడు. ఒకే రంగువి. పెద్ద మనుషులు వరండాలో కూర్చున్నారు. "మీ వాటా తమ్ముడికి మాఫ్ చేసినామని మూడుసార్లు చెప్పండమ్మా," అన్నారు. వాటా అడిగే ఆడబిడ్డ రేపు ఏ కష్టమొచ్చినా ఏ మొహంతో పుట్టింటికి వస్తుందని మా పిన్నమ్మ వెనకనుంచి గొణిగింది. మా ఊళ్ళో అన్నీ అట్లాగే జరిగేవి. కాగితం రాయరు, ఆఫీసుకు పోరు. నోటితో అన్న మాటే దస్తావేజు. అక్క మూడుసార్లు చెప్పింది. నేనూ మూడుసార్లు చెప్పాను. మూడేళ్ళకు అక్క మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటే ఆమె సంచి చంకన పెట్టుకుని ఆ పుట్టింటికే వచ్చింది. వరండాలో ఒక మంచం వేశారు. ఆరు నెలల తర్వాత ఆ మంచం మీద శనక్కాయల మూటలు పెట్టాల్సి వచ్చింది. అక్క కువైట్ ఏజెంటు దగ్గరికి పోయింది.

నోటి మాటతో ముప్పయ్యేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఊళ్ళో భూముల రీసర్వే వచ్చింది. అధికారులు కాగితం అడిగారు. యాకూబ్ ఫోన్ చేశాడు. "నోటితో మాఫ్ చేసినావు గదక్కా, దాన్నే ఆఫీసులో ఒక తూరి చెప్పి ఏలుముద్ర యెయ్యి. ఛార్జీలు నేను పెట్టుకుంటా."

"ఏలుముద్ర ఎందుకు, సంతకం చేచ్చా," అన్నాను.

వాడు నవ్వాడు. "అవును, నువ్వు చదువుకున్నదానివి గదా, మర్చిపోయినా. సంతకమే చెయ్యి."

నిజమే, ఎవరూ నేర్పకుండా చదువుకున్నాను. ఇస్రార్ పలక మీద రాసుకుంటుంటే పక్కన చింతపండు గింజలు తీస్తూ అక్షరాలు పట్టాను. తర్వాత అంగడి పొట్లాల కాగితాలు విప్పి చదివాను. పప్పు పొట్లంలో సగం వార్త ఉంటే మిగతా సగం కోసం మళ్ళీ పప్పు తేవాలనిపించేది. ఖురాను కోసం చిన్నప్పుడే అరబ్బీ అక్షరాలు వచ్చు కాబట్టి, మస్కట్ వచ్చాక బోర్డులన్నీ కూడబలుక్కుని చదువుతాను. అర్థం తెలియదు, శబ్దం తెలుస్తుంది.

ప్రయాణం శనివారం. శుక్రవారం నాదియా స్కూలు పని ఒకటి ఉంది. ఒమన్ పాత సాగునీటి కాలువలను చూసి వచ్చి, తమ పూర్వీకుల సేద్యంతో పోల్చి రాయాలట. ఇస్రార్ నిజ్వా వైపు ఒక పల్లెలో గైడుతో నడిచే టూరుకు పేర్లు రాయించాడు. "నువ్వూ రామ్మా, దానికి తినిపించడం, నీళ్ళియ్యడం నాకు రాదు," అన్నాడు. తహ్సీన్ చిన్నదానితో ఇంట్లో ఉండిపోయింది. నేను పొద్దునే లేచి పులిహోర కలిపి, నాలుగు నీళ్ళ సీసాలు నింపి, గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు లిఫ్టు దగ్గరినుంచి వెనక్కి పోయి చూసి, కారెక్కాను.

దారంతా బోడి కొండలు. ఒక్క పచ్చటి ఆకు లేదు. ఇట్లాంటి చోట సేద్యం ఏంటి, కాలువ ఏంటి, దారి తప్పామేమో అని నేను భయపడుతూనే ఉన్నాను. నాదియా వెనక సీటులో కాగితం తీసి ప్రశ్నలు చదివింది. "నాన్నా, మన పూర్వీకులు ఏం పండించారు?"

"మనది సేద్యం గాదులే. తాత డ్రైవరని రాయి."

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఏమో మా. దూది ఏకేవాళ్ళని రాయి, హెరిటేజ్ మాదిరి ఉంటాది."

నేను పక్కనే ఉన్నాను. నన్ను అడగాలని వాడికి తోచలేదు. నేనే చెప్పి ఉండవచ్చు. కానీ వాడు బండి నడుపుతున్నాడు, మాట్లాడిస్తే ధ్యాస తప్పుతుందేమోనని ఊరుకున్నాను. జీవితమంతా నేను ఊరుకున్న సందర్భాలకు ఇట్లాంటి మంచి కారణమే ఒకటి ఉంటుంది.

గైడు పేరు రాబియా. ముప్పయ్యేళ్ళుంటాయి. నల్ల అబాయా కింద నడక బూట్లు వేసుకుంది. ఆ ఊరి పిల్లే. అందరికీ ఇంగ్లీషులో చెప్పేది, నాదియా నా చెవిలో తెలుగు చేసేది. నేను ఏదైనా అడిగితే నాతో హిందీలో మాట్లాడేది. మాతోపాటు ఇంకో పది మంది దాకా ఉన్నారు. మొదట మమ్మల్ని ఊరి పైన కొండపాదం దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ నేలలో ఒక గుండ్రటి గుంత, చుట్టూ రాళ్ళ గట్టు. "చెవి పెట్టి వినండి," అంది. నాకు మోకాళ్ళ నొప్పి. అయినా వంగాను. చాలా లోతునుంచి, చీకట్లోనుంచి, ఎవరో మెత్తగా చీర కుచ్చెళ్ళు దులుపుకుంటున్నట్టు నీళ్ళ చప్పుడు.

ఆ నీళ్ళు కొండ కిందినుంచి వస్తాయట. మనుషులు పాకుతూ పోయి, నూనె దీపం పెట్టుకుని, చేతి పనిముట్లతో సొరంగం తవ్వారట. వాలు కొంచెం ఎక్కువైతే నీళ్ళు అడుగును కోసేస్తాయి, కొంచెం తక్కువైతే నిలిచిపోతాయి. కంటికి కనబడనంత వాలు. ఎక్కడా మోటారు లేదు, కరెంటు లేదు. ఎన్నేళ్ళ కిందటిదని ఎవరో అడిగారు. "చెప్పే కాగితం లేదు. మా తాత తాతకు కూడా ఇది పాతదే," అంది రాబియా. నేను లేచి ఆ బోడి కొండలను చూశాను. అంతసేపూ చచ్చిన నేల అనుకున్నాను. దాని కడుపులో ఇన్ని తరాలుగా ఒక ధార ఆగకుండా నడుస్తూ ఉంది, పైనుంచి పోయేవాళ్ళెవరికీ తెలియకుండా. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇస్రార్ చూసి, "ఎండ తగిలిందా అమ్మా?" అన్నాడు. తల ఊపాను.

నీళ్ళు వెలుతురులోకి వచ్చే చోట రాతి బోర్డు మీద అరబ్బీలో మూడు అక్షరాలున్నాయి. నేను కూడబలుక్కుని "ఫలజ్" అని చదివాను. రాబియా ఆగి నా వైపు తిరిగింది. "చదివారే," అంది. ఈ కాలువలను ఫలజ్ అంటారని, వాటాలుగా చీల్చడం అనే మాటలోనుంచి ఆ పేరు వచ్చిందని చెప్పింది. అక్కడినుంచి కాలువ వెంబడే నడిచాం. మొదటి చోటు తాగే నీళ్ళకు, అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదు. తర్వాత మసీదు. తర్వాత ఆడవాళ్ళు స్నానం చేసే గది, నాలుగు గోడల మధ్యనుంచి కాలువ పోతుంది. అన్నీ దాటాకే తోటలకు. ఒక్కసారిగా చల్లబడింది. ఖర్జూరపు చెట్లు, వాటి నీడలో నిమ్మచెట్లు, నిమ్మ నీడలో గడ్డి. కాలువ అడుగున వేలెడంత చేపలు. నేను చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. తడి గట్టు అరికాలికి తగిలేసరికి నాకు పదేళ్ళ వయసు తిరిగొచ్చింది.

మాకూ కాలువ ఉండేది. ఈ మాట నేను ఎన్నేళ్ళుగానో ఎవరికీ చెప్పలేదు. వేసవిలో పాపాఘ్ని ఎండిపోయేది కానీ ఇసుక కింద ఊట ఉండేది. ఊరి మొగవాళ్ళంతా దిగి ఇసుకలో కాలువ తవ్వి ఆ ఊటను పొలాలకు మళ్ళించేవాళ్ళు. ఊటకాలువ అనేవాళ్ళం. అందులో ఇంటింటికీ వంతు. మా నాన్న వంతు వారానికి ఒక పగలు నాలుగు గంటలు. గడియారం లేదు. నాన్న ఎండలో నిటారుగా నిలబడి తన నీడను తన అడుగులతోనే కొలిచేవాడు. ఇన్ని అడుగులైతే మా వంతు మొదలు, ఇన్నయితే అయిపోయినట్టు. మడవ దగ్గర, అంటే గట్టు తెంచి నీళ్ళు మళ్ళించే చోట, నిలబడేది నేనే. యాకూబ్ అప్పటికి చంటిపిల్లవాడు, అక్కకు ఇంటి పని. నాన్న అక్కడినుంచి చెయ్యెత్తితే నేను కాలితో మట్టి తోసి మడవ కట్టేదాన్ని. ఒక్క చుక్క పక్కకు పోనిచ్చేదాన్ని కాదు. "మా జైనబీ కాలు పెడితే నీళ్ళు మాట ఇంటాయి," అనేవాడు నాన్న. నా గురించి ఎవరైనా గొప్పగా అన్న మాట నాకు తెలిసి అదొక్కటే.

తోటల మధ్య ఒక ఖాళీ స్థలంలో ఇనుప కంబం పాతి ఉంది. దాని చుట్టూ నేలమీద వరసగా రాళ్ళు. కంబం నీడ ఏ రాయి దగ్గరికి వస్తే ఆ మనిషి వంతు మొదలవుతుందని రాబియా చెప్పింది. అరగంట ఒక వాటా. రాత్రిళ్ళు చుక్కలను చూసి లెక్క పెట్టేవాళ్ళట, ఇప్పుడు చాలామందికి చేతి గడియారమే. ఆమె చెప్తుండగానే తోటలోనుంచి ఒక ముసలామె వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. పూల గౌను, తలకు వదులుగా చుట్టిన గుడ్డ, చేతిలో చిన్న పార. రాబియాకు మేనత్త. అప్పటికి నీళ్ళు ఒక మగవాడి తోటలోకి పారుతున్నాయి. అతను, ఆమె అన్న కొడుకట, గట్టు మీద నిలబడి ఉన్నాడు. ముసలామె నీడ వైపు చూసింది. అతనూ చూశాడు. నీడ రాయిని తాకింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె వంగి, గుడ్డ చుట్టిన రాయిని తన మడవలోనుంచి పెరికి అతని మడవలో పెట్టింది. నీళ్ళు ఒక్క క్షణం తడబడి, తిరిగి, ఆమె నిమ్మచెట్ల వైపు నడిచాయి.

నేను చూసింది అంతే. ఒక రాయి తీసి ఇంకోచోట పెట్టడం. కానీ కొండ తవ్విన వాళ్ళందరూ, ఆ చీకట్లో పాకిన వాళ్ళందరూ, ఇన్ని తరాలుగా పూడిక తీసిన వాళ్ళందరూ ఈ అరగంటపాటు ఈ ముసలామె కోసమే పని చేసినట్టు అనిపించింది. ఆ మగవాడు గట్టు మీద కూర్చుని జేబులోనుంచి ఫోను తీసుకున్నాడు. ఆమె అరగంట అయ్యేదాకా అతను ఎదురు చూడాలి. మొహంలో విసుగు లేదు. పగటి తర్వాత రాత్రి వచ్చినంత మామూలుగా కూర్చున్నాడు.

రాయి సరిగా అతకలేదు. పక్కనుంచి సన్నగా నీళ్ళు జారిపోతున్నాయి. ఆమెకు చూపు ఆనినట్టు లేదు. నేను చూస్తూ ఉండలేకపోయాను. చీర కుచ్చెళ్ళు దోపి దిగి, గట్టు మట్టి తీసి, మడమతో అదిమి ఆ సందు మూశాను. పాదం దానికదే సరైన చోటికి పోయింది. జారుడు ఆగిపోయింది.

"అమ్మా, చీర తడుచ్చాంది. పైకి రా, అందరూ చూచ్చాండారు," అన్నాడు ఇస్రార్ గొంతు తగ్గించి.

ముసలామె మాత్రం నా పాదాన్ని చూసి, నా మొహం చూసి, రాబియాతో ఏదో అంది. రాబియా నవ్వింది. "ఈమెది నీళ్ళు తెలిసిన కాలు, ఏ ఊరి కాలువ అని అడుగుతోంది," అంది.

"మాకూ ఉండేది," అన్నాను హిందీలో. తర్వాత, అడగడానికి భయపడుతున్న మాటే నా నోటినుంచి వచ్చింది. "ఆడవాళ్ళకు కూడా నీళ్ళలో వాటా ఇస్తారా?"

"ఇవ్వడం ఏముంది, వస్తుంది. మా తాత పోయినప్పుడు కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఖురానులో ఉన్నట్టే."

ఖురానులో ఉన్నట్టే. నేను తెలుగులో చదివిన ఖురానులోనూ ఉంది. ఆ పేజీ నాకు బాగా తెలుసు. ఎన్నిసార్లు చదివినా, అది వేరే ఎవరికో రాసిన ఉత్తరం పొరపాటున మా ఇంటికి వచ్చినట్టు చదివి ముందుకు పోయేదాన్ని. "మాఫ్ చెయ్యమని అడగరా, అన్నదమ్ములు?" అన్నాను.

రాబియా ఆ ప్రశ్నను మేనత్తకు అరబ్బీలో చెప్పింది. ముసలామె పార మీద చేతులు ఆనించి కొంచెంసేపు నన్ను చూసింది. ఏదో రెండు ముక్కలు చెప్పి తన చెట్ల వైపు పోయింది.

"అడిగారట," అంది రాబియా. "మా చెట్లకు దాహంగా ఉంది, తర్వాత మాట్లాడదాం అందట. నలభై ఏళ్ళయింది, ఇంకా మాట్లాడలేదు."

నేను నవ్వాను. చాలా గట్టిగా నవ్వినట్టున్నాను, ఇస్రార్ అటు తిరిగి చూశాడు. నాదియా గట్టు మీద కూర్చుని మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని ఇదంతా రాసుకుంటోంది. తలెత్తి, "జేజీ, మనకు కాలువ ఉండేదని నాకు ఎందుకు చెప్పలే నువ్వు?" అంది.

"నువ్వు అడగల్యా."

"ఇప్పుడు అడుగుతా. ఈ అవ్వది అరగంట. నీది ఎంతసేపు?"

"జేజిదేం ల్యా," అన్నాడు ఇస్రార్. "అదంతా యాకూబ్ తాతది. రాసుకో, ఎండ ఎక్కుతాంది, పోదాం."

నాదియా పెన్సిల్ కాగితం మీద పెట్టి ఆగింది. నన్నే చూస్తోంది. పదకొండేళ్ళ పిల్ల. నేను చెప్పిందే రాస్తుంది, రాసింది టీచరు చదువుతుంది, రేపు పెద్దయ్యాక తనూ ఎవరికో అదే చెప్తుంది. నలుగురిలో కొడుకు మాట కాదనడం నాకు అలవాటు లేదు. నాన్న వంతు నాలుగు గంటలు. తమ్ముడికి రెండు పాళ్ళు, అక్కకు ఒకటి, నాకు ఒకటి.

"గంటసేపు," అన్నాను. "రాసుకో. జేజిది గంటసేపు."

నాదియా రాసింది. ఇస్రార్ కారు వైపు నడిచాడు. తిరుగు ప్రయాణంలో, నాదియా నిద్రపోయాక అన్నాడు. "ఏంటికమ్మా పిల్లకు లేనిపోనివి చెప్తావు?"

"ఉండేదే చెప్పినా."

"మాఫ్ చేసినావు గదా. రేపు దానికే గదా పోతాండావు. మామ మనసు నొచ్చుకుంటే మనకు ఆడ ఎవరుండారు?"

మనకు అక్కడ ఎవరున్నారు. ఈ ప్రశ్న ఇక్బాలక్కను అడగాల్సింది. ఆమె వరండాలో ఆరు నెలలున్నప్పుడు నేను మెట్టినింట్లో ఉండి, ఏమైనా అంటే నాకూ ఆ తలుపు మూసుకుపోతుందేమోనని ఊరుకున్నాను. అది చెప్పలేదు. కిటికీలోనుంచి కొండలు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అవి బోడిగా కనబడలేదు. ఒక్కొక్క కొండ కింద ఏ ధార నడుస్తోందో అని చూస్తూ ఇల్లు చేరాను.

శనివారం బెంగుళూరులో దిగాను. సంక్రాంతి సెలవులయ్యాక బుధవారం పొద్దున యాకూబ్ నన్ను కారులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకుపోయాడు. వాడికీ అరవై దగ్గర పడుతోంది. దారిలో ఇడ్లీ తినిపించాడు, మోకాళ్ళకు ఏ మందు మంచిదో చెప్పాడు. చెడ్డవాడు కాదు. చంటివాడిగా ఉన్నప్పుడు నా చంక దిగేవాడు కాదు. ఆఫీసులో బల్ల అవతల ఒక అధికారిణి కూర్చుని ఉంది. నా వాటా వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మొత్తం చదివింది. తర్వాత యాకూబ్‌ను పక్కకు జరగమని, నా కళ్ళల్లోకి చూసి, "అమ్మా, ఇది మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" అంది. అందరినీ అడిగే ప్రశ్నే అయ్యుంటుంది. రోజుకు ఇరవైసార్లు అడుగుతుందేమో. పెళ్ళప్పుడు కూడా నా తరఫున మా మేనమామ జవాబు చెప్పాడు. అరవయ్యారేళ్ళకు ఈ ప్రశ్న నా దగ్గరికి నేరుగా వచ్చింది.

"లేదు," అన్నాను.

బయట చింతచెట్టు కింద యాకూబ్ నన్ను ఆపాడు. "ఎవురు చెప్పిచ్చినారక్కా ఇది నీతో?" అన్నాడు. "ఇన్నేండ్లు ల్యానిది ఇప్పుడేంటికి నీకు భూమి? ఏం జేసుకుంటావు?"

"నా ఎకరా నాకు చూపియ్యి యాకూబూ. ఏం జేసుకుంటానో తర్వాత మాట్లాడదాం."

చూపించలేదు. నేనే వెతుక్కుంటూ పోయాను. ఊటకాలువ ఎప్పుడో పూడిపోయింది, బోర్లు వచ్చాయి. ఇసుకలో పాత గట్టు రాళ్ళు కొన్ని బయటపడి ఉన్నాయి. వాటి వరస పట్టుకుని నడిస్తే మా చేను వచ్చింది. మడవ ఉండిన చోట నిలబడి, నిటారుగా నిలుచుని, నా నీడను నా అడుగులతో కొలిచాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారేమోనని భయం వేసింది. అయినా కొలిచాను. ఆ సాయంత్రమే మసీదు వెనక వీధిలో ఒక గది బాడుగకు మాట్లాడుకున్నాను. సర్వే వాళ్ళు వచ్చేదాకా అని ఇంటావిడకు చెప్పాను. ఎంతకాలమని నన్ను నేను అడగలేదు. రాత్రి తలుపు గడియ నాలుగుసార్లు చూసుకున్నాను. నిద్ర పట్టింది.

ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం తహ్సీన్ ఫోన్ చేసింది. వెనక కుక్కరు విజిల్, చిన్నది ఏడుస్తోంది. "అత్తా, రేపు ఎయిర్‌పోర్టుకు ఆయన వస్తాడు. బయటికి రాగానే ఆడనే నిలబడండి, యాడికీ పోవద్దండి."

"నేను రాను తహ్సీన్."

విజిల్ రెండుసార్లు వచ్చింది. ఆమె గొంతు చాలా చిన్నదైపోయింది. "నా లీవు రేపటితో అయిపోతాది. పిల్లలుండారు. మరి నేనేం జేయాల అత్తా?"

ఆ గొంతు వింటే నా మనసు ఊగిసలాడింది. ఒక్క నిమిషం, బ్యాగు ఎక్కడ పెట్టానో కూడా కళ్ళు వెతికాయి. ఆ పిల్ల తప్పేమీ లేదు. నేను దించుకున్న బరువు నేరుగా ఆమె భుజం మీదే పడుతుంది, అట్లాగే కట్టి ఉంది ఆ ఇల్లు.

"ఆ మాట ఇస్రార్‌ను అడుగు," అన్నాను.

తొమ్మిదేళ్ళలో వాణ్ణి ఆ ప్రశ్న ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. ఫోనులో స్టవ్ కట్టేసిన చప్పుడు వినబడింది.

"అడుగుతా," అంది తహ్సీన్.

నాకు తీసిన తిరుగు టికెట్ 2024 జనవరి ఇరవై మూడు, మంగళవారానిది. ఘుబ్రా ఫ్లాటుకు నేను తిరిగి వెళ్ళలేదు.